గోడలు వినేసిన బాణీ

అందరి ఇళ్లలోలాగే మా కొత్త ఫ్లాట్‌లోనూ నిశ్శబ్దపు గోడలున్నాయి. ఒకసారి విన్న మోతను అవి రెండోసారి విననివ్వవు. కుక్కర్ కూత వినపడదు, మా ఆయన శశాంక్ గురక అసలే వినపడదు. కొత్త కాపురం ఎంత హాయో!

ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షురాలు వసుంధర గారు పాట వినడానికి మా ఫ్లాట్‌కి వచ్చారు. ఆవిడకు నచ్చితేనే శశాంక్ జాజ్ బృందానికి క్లబ్ హాలు ఇస్తారు. బృందంలోని ముగ్గురూ వాయించడం మొదలుపెట్టారు. డ్రమ్స్, బేస్ మోగాయి. శశాంక్ పుల్లలతో కొట్టే లోహపు పలకల వైబ్రాఫోన్ మాత్రం మూగబోయింది.

తప్పు నాదే. పొద్దున గారాలు పోయి, ఇదే బాణీని నాకోసం ఇక్కడే ఒక్కసారి వాయించమన్నది నేనే.

"అప్పటికప్పుడు అల్లుతామని పోస్టర్‌లో వేశాం కదరా! ఏదో ఒకటి అల్లు!" డ్రమ్స్ దగ్గర నుంచి ఫిరోజ్ గొణిగాడు.

"నెల్లాళ్లు పార్కులో ప్రాక్టీసు చేసింది తప్ప చేతులకి ఇంకేదీ రావట్లేదురా!" అన్నాడు శశాంక్.

"ఒక్క నిమిషం ఆగండి!" అంటూ నేను వైబ్రాఫోన్ పలకల్ని గుచ్చిన తాడు వదులు చేసి, నాలుగు పలకలు అటూఇటూ మార్చేశాను. శశాంక్ అదే బాణీ వాయించాడు. అది గెంతులేస్తూ మోగింది. బేస్ వాయించే సుహాసిని పకపకా నవ్వుతూ దాని వెంట పడింది.

వసుంధర గారు లేచి చప్పట్లు కొట్టారు. "హాలు మీదేనమ్మా! ఏదీ, అదే మళ్లీ ఒక్కసారి!"

శశాంక్ నావైపు తిరిగేసరికే నేను తాడు విప్పుతున్నాను.