ఎడమ కాలి బూటు

స్టూరె మళ్ళీ బానెట్ ఎత్తాడు.

ఇంజను గొట్టాలన్నిటికీ సబ్బునీళ్ళు పూశాడు. గాలి లీకయితే బుడగ రావాలి. ఒక్క బుడగ కూడా రాలేదు.

"మరి నీకేం రోగమే?" అని కారునే తిట్టాడు.

రోగం ఏమిటో మైదానంలో అందరికీ తెలుసు. మలుపు తిరిగి గ్యాస్ పెడల్ తొక్కితే ఆ నీలం కారు కాసేపు ఆలోచించుకునేది. ఇంజనులోకి గాలి నెట్టే టర్బో ఊపందుకుని కారు ఉరికేసరికి ఇద్దరు ముగ్గురు దాటిపోయేవాళ్ళు.

ఆ వేసవిలో మొదటి మట్టి రేసు అది.

"బాబూ, నీ కారు సంగతి నేను చూస్తా," అంది వెనక నుంచి ఒక గొంతు.

ఊలు టోపీ పెట్టుకున్న పెద్దావిడ. చేతిలో కర్ర.

"మీరా?"

"నేనే. ఆ బానెట్ మూసెయ్యి. రేసయ్యాక ఎడమ కాలి బూటు విప్పి నడుపు. నేను పక్కన కూచుంటా."

"బూటు విప్పడానికి ఇదేమన్నా మీ ఇంటి గుమ్మమా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. దాంతో స్టూరెకి ఇంకా హుషారొచ్చింది.

"కాఫీ, దాల్చినచెక్క బన్నులు అటు అమ్ముతున్నారు పెద్దమ్మా. తిని ఎండలో కూచోండి."

ఆవిడ కర్ర ఊతంగా పక్క గుడారంలోకి నడిచింది.

ఆ గుడారం హోకన్‌ది. హోకన్ అంటే స్టూరె భార్య అన్నేలికి తమ్ముడు. ఎరుపు రంగు తప్పిస్తే అతనిదీ అచ్చం అదే కారు, అదే రోగం.

హోకన్ ఆవిడకి కుర్చీ వేసి కాఫీ ఇచ్చాడు. "వీడికో అమ్మమ్మ దొరికింది," అని నవ్వుకుని స్టూరె మళ్ళీ ఇంజనులో తల దూర్చాడు.

నెల తిరిగేసరికి ఆ నవ్వు పోయింది.

ఎర్ర కారు మలుపుల్లోంచి ఉరకడం మొదలుపెట్టింది. ఎప్పుడూ స్టూరె వెనక దుమ్ము తినే హోకన్, వరసగా గెలిచాడు. ఆదివారం అత్తగారింట్లో కాఫీ బల్ల దగ్గర ఎవరి నోట విన్నా "మా హోకన్, మా హోకన్". స్టూరెకి కేకు గొంతు దిగలేదు.

"తమ్ముడు గెలిస్తే నీకెందుకంత ఏడుపు?" అంది అన్నేలి.

"ఏడుపు కాదు. వాడు దొంగతనంగా ఏదో భాగం బిగించాడు."

"అడగొచ్చుగా?"

"వాణ్ణా? నేనా?"

అడగలేదు. ఇంకో దారి పట్టాడు.

స్వీడన్‌లో ఈ మట్టి రేసులకు ఒక రూలుంది. పోటీ అయ్యాక ఏ కారునైనా, ఎవరైనా, ముందే నిర్ణయించిన ఒకే ధరకి కొనుక్కోవచ్చు. అమ్మనంటే లైసెన్సు పోతుంది. కారులో ఎవడూ ఖరీదైన సరుకు దాచకూడదని ఆ ఏర్పాటు. ఇద్దరడిగితే చీటీలు వేస్తారు.

సొంతవాళ్ళ కారు అడగడం మాత్రం మర్యాద కాదు.

ఆగస్టు రేసులో స్టూరె ఎర్ర కారు అడిగాడు. చీటీ అతనికే వచ్చింది.

"నోరు తెరిచి అడిగితే చెప్పేవాణ్ణి కదా బావా," అన్నాడు హోకన్, చిన్నబోయిన మొహంతో.

"నువ్వు చెప్పేదేంటి? నేనే విప్పి చూసుకుంటా."

స్టూరె నీలం కారుని ఎవరూ అడగలేదు. చివరికి హోకనే కొనుక్కున్నాడు.

స్టూరె ఎర్ర కారుని గరాజులో పెట్టి తలుపు వేసుకుని, ఊడేవన్నీ ఊడదీశాడు. అవే గొట్టాలు. అదే టర్బో, పైగా తనదానికంటే అరిగింది. అన్నీ మళ్ళీ బిగించాడు.

సెప్టెంబరులో ఆఖరి రేసు. కప్పు తేలేది అక్కడే.

స్టూరె మలుపు తిరిగి గ్యాస్ తొక్కాడు. ఎర్ర కారు కాసేపు ఆలోచించుకుంది.

ఆ ఆలోచన తెగేలోపు నీలం కారు అతని మొహాన మట్టి కొట్టి వెళ్ళిపోయింది. తను పనికిరాదని వదిలించుకున్న కారు!

రేసు కాగానే పరిగెత్తాడు.

"నా కారులో ఏం పెట్టావురా?"

హోకన్ తలుపు తీసి కాళ్ళు బయట పెట్టాడు. కుడి కాలికి బూటుంది. ఎడమ కాలికి మేజోడే ఉంది.

"మలుపులో కుడి కాలు గ్యాస్ మీంచి తియ్యను బావా. ఎడమ కాలితో బ్రేకుని మెల్లగా అదుముతా. బూటు లేకపోతే ఎంత అదుముతున్నానో కాలికి తెలుస్తుంది. గ్యాస్ వదలకపోతే టర్బో తిరుగుతూనే ఉంటుంది. మన కార్లకి ఏ రోగమూ లేదు."

"ఎవరు నేర్పారు?"

"మై-బ్రిట్. ఆ ఊలు టోపీ ఆవిడ. వేసవంతా పక్క సీట్లో కూచుని కర్రతో నా మోకాలు వాయగొట్టింది. గడ్డకట్టిన చెరువుల మీద రేసుల్లో ఒకప్పుడు ఈ జిల్లా మగాళ్ళందరికీ మంచు తినిపించిందట."

స్టూరె గుటక మింగాడు. పౌరుషం కూడా దాంతోపాటే దిగింది.

"ఇప్పుడెక్కడుంది? నేనూ వెళ్ళి అడుగుతా."

"పోయింది బావా. పోయిన వారమే. జబ్బు సంగతి ఆవిడకి ముందే తెలుసు."

స్టూరె ఎర్ర కారుకి ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడు కూడా కడుపులో మంట చల్లారలేదు.

"అదృష్టం నీది. ఇంతమందిలో నిన్ను ఎంచుకుంది."

"నన్నా?" హోకన్ మేజోడుకి అంటిన మట్టి దులుపుకున్నాడు. "'నువ్వు మొద్దువి, నీలం కారువాడికి పుట్టుకతో వచ్చిన చెయ్యి,' అని రోజూ తిట్టేది. పోయేలోపు తన విద్య ఒక్కడికి అప్పజెబుదామని ఆ రోజు ఆవిడ మైదానానికి వచ్చింది నీ కోసమే బావా."