సైరన్‌కు తీన్మార్

సైరన్ మోగగానే, మగపెళ్లివారికి స్వాగతం పలికే ఎదురుకోళ్ల దగ్గర ఆడుతున్నవాళ్లు మరింత జోరుగా ఎగరడం మొదలుపెట్టారు. డీజేవాడు కొత్త పాటేదో పెట్టాడనుకున్నారు పాపం. పెళ్లికొడుకు మేనమామ లింగస్వామి అయితే తువ్వాల గాలిలో తిప్పుతూ, "గట్లనే కొట్టు, ఆపకు!" అని అరిచాడు.

ఫంక్షన్ హాలు మేడ మీది గదిలో పూజ అద్దం ముందు కూర్చుని జడలో మల్లెపూలు సర్దుకుంటోంది. కిటికీ దగ్గర నిలబడ్డ రమ ముక్కు ఎగబీల్చింది.

"పూజా, గది పాట గాదే. పక్కన ఐసు ఫ్యాక్టరీ సైరన్. అమ్మోనియా లీకయింది."

"గిప్పుడా? పెళ్లి ముంగట పెట్టుకొనా?"

"గ్యాసుకు లగ్గపత్రిక ఇయ్యలేదు గద, దానికేం ఎరుక! కిందికి నడువు."

హాలియా మున్సిపాలిటీలో ఇలాంటి ఆపదల కోసం ప్రణాళిక తయారుచేసింది రమే. ఏ బండి ఎటు రావాలి, జనం ఎటు పోవాలి అని వార్డు వార్డూ తిరిగి చెప్పింది. జనం వచ్చి, టీ తాగి, బిస్కెట్లు తిని వెళ్లిపోయారు. ఈరోజు ఆమెకు సెలవు. అయినా పట్టుచీర కొంగు నడుముకు దోపి కమిషనర్‌కు ఫోన్ చేసింది.

"సెలవుల ఉన్నవ్ గదమ్మా, నేను చూస్కుంట" అన్నాడాయన.

"ఎవరు ముందు జాగ మీదుంటె వాళ్లదే పెత్తనం అని మనమే అనుకున్నం గద సార్. ఫైరింజన్‌ను ఫ్యాక్టరీకి పంపుండ్రి. నీళ్లు సన్నగ చల్లితె గ్యాసు అణుగుతది. ఈ దిక్కు కరెంటు బంద్ జేయించుండ్రి. చెత్త ఆటోలన్నీ హాలు వెనక గేటుకు రావాలె."

"పెళ్లోళ్లను చెత్త ఆటోలల్లనా?"

"పొద్దుగాలనే కడిగిన్రు సార్. అయినా గీ గల్లీలన్ని ఎరుకైన బండ్లు మనకు ఇంకేమున్నయ్?"

కిందికి దిగీ దిగగానే రమ డీజే వైరు పీకేసింది. పాట ఆగింది, సైరన్ ఆగలేదు. ఎగురుతున్న కాళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అప్పటికే అందరి కళ్లూ మండుతున్నాయి.

"కండువలు, తువ్వాలలు నీళ్లల్ల ముంచి ముక్కుకు కట్టుకోండ్రి" అని పంతులు మైకు అందుకుని చెప్పింది రమ. "కాలువ దిక్కు ఉరకొద్దు. గాలి అటే పోతాంది, గ్యాసు గూడ అటే పోతది. వెనక గేటు నుంచి హైస్కూలుకు నడువుండ్రి. వంటోళ్లు పొయ్యిలార్పి రావాలె."

లింగస్వామికి ఒళ్లు మండింది. "పెళ్లినాడు గీ సర్కారు కొలువేంది? ఆట ఆపుడేంది?"

పెళ్లికొడుకు దశరథ్ నవ్వాడు. "మేడం చెప్పినట్టు ఇను మామా" అంటూ తన తలపాగా విప్పి, నీళ్లలో ముంచి, ముందు మామ నోటికీ ముక్కుకూ కలిపి గట్టిగా కట్టాడు.

పెళ్లికూతురి తండ్రి గాలయ్య మాత్రం నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "బిడ్డా, గీ ముహూర్తం తప్పితె ఆషాఢం. మళ్ల శ్రావణం దాక ఆగాలె. ఎన్ని సంబంధాలు తప్పిపోయినంక కుదిరింది గిది!"

"తప్పది. బడిలనే పెళ్లి జేద్దాం. నాది పూచీ."

"నువ్వే పూచీ అంటె ఇగ నేనేమంట" అని గాలయ్య లేచాడు.

అతని తల్లి ఈదమ్మ లేవలేదు. కుమ్మరింటి నుంచి మేళతాళాలతో తెచ్చిన ఐరేని కుండలను చేతులతో చుట్టేసి కూర్చుంది. "ఒక్కసారి నిలిపిన కుండలను కదిలియ్యొద్దు. కదిలిస్తె పెళ్లికూతురికి అచ్చిరాదు."

"గ్యాసు లోపటికొస్తె పెళ్లికూతురే ఉండది అవ్వా. నువ్వు నడువు, కుండలు నేను తెస్త."

"నువ్వా? నువ్వు మోస్తవా?" ముసలామె నోరు తెరిచింది. ఆమె నోరు మూసేలోపే రమ రెండు కుండలు చంకనెత్తుకుంది.

చెత్త ఆటోలు రోజూ పాడే పాటే పాడుకుంటూ వచ్చేశాయి. పెళ్లికొడుకు పొడిచెత్త అరలో ఎక్కాడు. లింగస్వామికి తడిచెత్త అరే మిగిలింది. పట్టుచీరలూ జరీపంచెలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఊగుతుంటే, పిల్లలకైతే ఎదురుకోళ్ల కంటే ఇదే బాగుంది. రమ వంటగదీ, మేడ మీది గదులూ అన్నీ వెతికి, ఎవరూ మిగల్లేదని చూసుకుని ఆఖరి ఆటో ఎక్కింది.

బడి వరండాలో బెంచీలు జరిపి, రెండు పీటలు వేసి, పంతులు హడావిడిగా పసుపు బియ్యం కలుపుతున్నాడు. గాలయ్య ఆకాశం వంక, గేటు వంక మార్చి మార్చి చూస్తున్నాడు. అప్పుడు రమ ఫోన్ మోగింది.

"వాల్వు కట్టేసిన్రమ్మా" అన్నాడు కమిషనర్. "గ్యాసు అణిగింది. ఒక్కలకు గూడ ఏం గాలే. నువ్వు రాసినట్టే జరిగింది."

రమ ఆ మాట అరిచి చెప్పింది. బడంతా ఈలలు, చప్పట్లు. కట్లు విప్పుకున్న లింగస్వామి మళ్లీ తువ్వాల తిప్పాడు. రమకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఈ ఊరు తన మాట వినదని ఇన్నాళ్లూ ఎంత బెంగపడిందో ఆమెకే తెలుసు.

"జనాన్ని ఎప్పుడు ఎనకకు పంపాలె?" అని కమిషనర్ ఇంకా ఏదో అడుగుతున్నాడు.

"గడియే ఉంది!" అని పంతులు కేకేశాడు. "పిల్లగాడు కూసున్నడు. పెళ్లికూతురేదయ్యా? జల్ది పిలువుండ్రి!"

"ఇగ మీరే చూస్కోండ్రి సార్, నాకు పనుంది" అని రమ ఫోన్ పెట్టేసి చెల్లెలు పూజ చేతికిచ్చింది.

వెళ్లి దశరథ్ పక్కన పీట మీద కూర్చుంది.