ఇవాళ బళ్ళో ఏం చెప్పారు?

కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చిందని కూతురు చెప్పగానే, బట్టలు కుట్టే అమ్మ మిషను ఆపేసింది.

"అంతా నీ చలవేనమ్మా! చిన్నప్పటి నుంచీ నేను గడప తొక్కగానే, 'ఇవాళ బళ్ళో ఏం చెప్పారు?' అని నిలదీసేదానివి. నీకు అర్థమయ్యేదాకా వదిలేదానివి కాదు. నీ పరీక్షకు భయపడే బాగా చదివాను."

"పరీక్ష పెట్టడమా, నా మొహం! మా నాన్న నన్ను ఐదో తరగతితో మాన్పించాడు. నువ్వు సంచి తగిలించుకుని వెళుతుంటే నాకు కడుపు మండిపోయేది. అదంతా నీకొక్కదానికే ఎందుకు దక్కాలని అడిగేదాన్ని."

కూతురు నవ్వబోయి ఆగిపోయింది. అమ్మ కళ్ళలో ఆ మంట ఇంకా ఆరలేదు.

"రేపు ఆ పిల్లలకి ఏం పాఠం చెప్తావ్?" అంది అమ్మ, స్టూలు దగ్గరికి లాక్కుంటూ. "వాళ్ళకంటే ముందు నాకు చెప్పు."