పంకజాక్షి మిడి

ఆ సాయంత్రం హిందీ క్లాసుకు పంకజాక్షి మిడిలో వెళ్లింది.

వాకిట్లో నిలబడి చూసిన శకుంతలమ్మకు ఒళ్లు మండింది. ఎదురింటి ఆ పిల్ల పోయినేడు లేత పసుపు మ్యాక్సీ వేసుకుని నడిస్తే తిరుపతిలో ఆ వీధంతా తిరిగి చూసింది. అది చూసి తన కూతురు ఏడాది పోరు పెట్టింది. తీరా పాదాల దాకా మ్యాక్సీ కుట్టించి నెల కాలేదు. ఇప్పుడేమో ఇటికరంగు మిడి, పిక్కల మీదికి!

"అది పొట్టి పావడ కదా, ధనంజయా?" అని టైలర్ని నిలదీసింది.

"అట్లనొద్దక్కా. మనం పొట్టిదని తిట్టినామే, దాన్నే ఇప్పుడు మిడి అంటా ఉండారు."

మ్యాక్సీ పెట్టెలోకి పోయింది. తటపటాయించి తటపటాయించి శకుంతలమ్మ మిడి కుట్టించేసరికి మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఆ వారమే పంకజాక్షి కాఫీరంగు మినీలో బయల్దేరింది. మోకాళ్లు కనబడుతున్నాయి.

"చంటిపిల్లల గౌనంత ఉండాది," అంది శకుంతలమ్మ.

"అంత ఉంటేనే మినీ అక్కా," అన్నాడు ధనంజయ.

కూతురు అన్నం మానేసింది. "క్లాసులో నన్ను 'పాత క్యాలెండరు' అంటా ఉండారు. ఎప్పుడూ మనమే వెనక."

శకుంతలమ్మకు నిద్ర పట్టలేదు. తమకు బియ్యం మిల్లుంది. పంకజాక్షి తల్లి యశోదమ్మ భర్త పోయాక బళ్లో కుట్టు నేర్పుతూ బతుకుతోంది. ఆమెకు ఏడాదికో ఫ్యాషను ఎలా తెలుస్తోంది?

మర్నాడు పౌరుషం చంపుకుని ఎదురింటికి వెళ్లింది.

"యశోదా, సిగ్గిడిచి అడుగుతా ఉండా. నీకివన్నీ మద్రాసు నుంచి ఎవురు పంపిస్తా ఉండారు? ఆ మ్యాక్సీ, ఆ మిడి ఒకసారి సూపీ. వచ్చే ఏడు ఏమొస్తాదో కూడా ఇప్పుడే చెప్పు. నా బిడ్డ కూడా ఒక్కసారన్నా ముందుండనీ."

యశోదమ్మ ముఖం ఎర్రబడింది. వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. దండెం మీది కాఫీరంగు మినీని తీసి శకుంతలమ్మ చేతిలో పెట్టింది.

"మూడూ ఇదేనక్కా, అంచు చిరిగినప్పుడల్లా కత్తిరించి, మరకలు కనబడకుండా ఇంకాస్త ముదురు రంగులో ముంచుతా ఉండాను."