మిగిలిన తిట్లు

"ఇక నావల్ల కాదు సిస్టర్, పోతాను."

బరువు చూసే మిషను దిగి, డయాలసిస్ మంచం ఎక్కకుండానే వెనక్కి తిరిగాడు దర్జీ.

రాత్రంతా కంటి మీద కునుకు లేదు. సూది గుచ్చకముందే గుండె దడదడలాడుతోంది. కత్తెర పట్టుకుని నెలలైంది. ఇంట్లో ఎవరు పలకరించినా ఏడుపే. ఇదీ ఒక బతుకేనా!

గుమ్మంలో పెద్దాయన అడ్డం నిలబడ్డాడు. పక్క మంచం డ్రైవరు తాలూకు మనిషి. డ్రైవరేమో సూది గుచ్చగానే గుర్రు పెడతాడు. ఈయన రెండు మంచాల మధ్యా కుర్చీ వేసుకుని, కదలకుండా మెదలకుండా దర్జీ బుర్ర తింటూ ఉంటాడు.

"ఎక్కడికోయ్?"

"ఇంటికి. తప్పుకోండి."

"ఇంటికెళ్ళి?"

"చస్తాను. మీకేం?"

పెద్దాయన తలుపు వదల్లేదు.

"పోనీ, ఈ చొక్కా చూడు. భుజం ఎలా జారిపోతోందో. ఏ మహానుభావుడు కుట్టాడంటావ్?"

దర్జీకి ఒళ్ళు మండిపోయింది.

"మీ మనిషిని మీరు చూసుకోండి! నా నెత్తినెక్కుతారేం? వెళ్ళి టీ అయినా తాగి రండి!"

పెద్దాయన మొహం పాలిపోయింది.

"టీ మానేశాను నాయనా. తిట్టాలనుంటే మంచమ్మీద పడుకుని తిట్టు. అయ్యేదాకా వింటాను."

దర్జీ విసురుగా వెళ్ళి పడుకున్నాడు. కసితీరా తిట్టాడు. పెద్దాయన ఊఁ కొడుతూ విన్నాడు. మిషను ఆగినా తిట్లు అయిపోలేదు.

"మిగిలినవి వచ్చేసారికి దాచుకో. మర్చిపోయేవు!"

వచ్చేసారి దర్జీ అందరికంటే ముందే వచ్చాడు. తిట్లు భద్రంగానే ఉన్నాయి. సంచిలో సూదీ దారమూ కూడా ఉన్నాయి. ముందు ఆ భుజం సంగతి చూడాలి.

కుర్చీ ఖాళీగా ఉంది.

"మీ బాబాయి రాలేదేం తమ్ముడూ?" అన్నాడు డ్రైవరు లోపలికొస్తూ.

"మా బాబాయేంటన్నా? ఆయన మీ మనిషి కదా!"

"నా మనిషా? నేనెప్పుడూ ఒక్కణ్ణే వస్తానయ్యా!"

ఇద్దరూ సిస్టర్ వైపు చూశారు. ఆవిడ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నిన్న నిద్దట్లోనే పోయారట."

దర్జీ సంచిని గుండెకి హత్తుకున్నాడు.

"ఎవరు సిస్టర్ ఆయన?"

సిస్టర్ దర్జీ మంచమ్మీద దుప్పటి సర్దింది.

"ఇది ఆయన భార్య మంచమండీ. ఒకనాడు ఆయన టీకని బయటికెళ్ళి వచ్చేలోపు, 'ఇక నావల్ల కాదు' అని లేచి వెళ్ళిపోయిందావిడ. మళ్ళీ ఇక్కడికి రాకుండానే కన్నుమూసింది."