నలభై మూడు మంది

"మీ తమ్ముడుగారు ఇంకా దిగలేదు బాబూ."

రైల్వే గోడ కన్నంలోంచి వంగి ఇవతలికి అడుగుపెట్టిన కాలనీ సెక్రటరీ ఉలిక్కిపడి ఆగాడు.

కన్నం పక్కన బోర్లించిన సిమెంటు తొట్టి మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. కుడి జేబులోంచి గులకరాయి తీసి ఎడమ జేబులో వేసుకున్నాడు.

"నా తమ్ముడు నీకెలా తెలుసు?"

"నీలం సంచి వేసుకుని పొద్దున ఏడూ పదికి వెళ్ళాడు. ఈ దారిన నలభై మూడు మంది వెళ్ళారు. మీతో కలిపి నలభై రెండు మంది వచ్చారు."

సెక్రటరీ గబగబా ఇంటి దారి పట్టాడు.

తమ్ముడు తన పై ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటాడు. అమ్మ పోయే ముందు వాడి చెయ్యి తెచ్చి తన చేతిలో పెట్టింది. అలాంటిది, వాడు ఎన్నింటికి వెళ్తాడో తనకే సరిగ్గా తెలియదు.

ఒకప్పుడది క్వారీని నమ్ముకుని రాళ్ళు కొట్టుకు బతికిన చిన్న ఊరు. క్వారీ మూతపడింది, రైలు ఆగడం మొదలైంది, అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇప్పుడు పొద్దున్నే ఊరంతా రైలెక్కి నగరానికి పోతుంది, పొద్దుపోయాక తిరిగొస్తుంది. రోడ్డు మీదుగా అయితే ఇంటికి ఇరవై నిమిషాలు. కన్నంలో దూరి పాత క్వారీ గుంట అంచున నడిస్తే ఆరు.

మర్నాడు సెక్రటరీ స్టేషన్ బయట బళ్ళ స్టాండు నడిపే ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. అందరూ ఆవిడను స్టాండు మామ్మ అంటారు. పాత ఊరివాళ్ళలో మిగిలింది ఆవిడా, ఆ ముసలాయనా. ఆయన పడుకునేది కూడా ఆవిడ షెడ్డులోనే.

"అతన్ని అక్కడ కూర్చోవద్దని చెప్పు మామ్మా."

"కూర్చోనీ నాయనా. నీ తొట్టేమైనా అరిగిపోతోందా?"

"ఎవరు ఇంట్లో ఉన్నారో, ఎవరు లేరో లెక్క తీస్తున్నాడు. రేపు ఏ దొంగకో చెబితే?"

"దొంగకు చెప్పేవాడు ముందు నీకెందుకు చెబుతాడు?"

సెక్రటరీ వినకుండా వెళ్ళిపోయాడు. ముసలాయనను అక్కణ్ణుంచి పంపేయమని పోలీసులకు అర్జీ రాసి, గడపగడపా తిరిగి సంతకాలు పెట్టించాడు.

తమ్ముడు మాత్రం పెట్టలేదు.

"పోనీలే అన్నయ్యా," అని నవ్వాడు. "నేను ఇంటికొచ్చానా లేదా అని చూసేది ఈ ఊళ్ళో ఆయనొక్కడే."

సోమవారం కానిస్టేబుల్ సెక్రటరీతో పాటు వచ్చి ముసలాయనను లేపాడు. "ఇంకోసారి ఇక్కడ కనిపిస్తే లోపలేస్తా."

ముసలాయన జేబుల్లోని గులకరాళ్ళు సర్దుకున్నాడు. వెళ్ళబోతూ సెక్రటరీ వైపు తిరిగాడు.

"నన్ను కాకపోతే ఇంకొకర్ని కూర్చోబెట్టండి బాబూ."

"ఏం చెయ్యడానికి?"

"ఏం లేదు. చూడ్డానికి."

సెక్రటరీ కానిస్టేబుల్‌తో పాటు నవ్వాడు. కానీ ఆ సాయంత్రం నుంచీ కన్నం దాటినప్పుడల్లా, ఖాళీ తొట్టి తనను లెక్కపెడుతున్నట్టే ఉండేది. వెనక్కి చూడకుండా నడిచేవాడు.

శుక్రవారం పదకొండు గంటలకు తమ్ముడి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"మీ తమ్ముడు ఇంకా రాలేదు సార్. ఫోనెత్తట్లేదు."

సెక్రటరీ ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. పై ఫ్లాటుకు తాళం. గుమ్మానికి తగిలించిన సంచిలో పాల ప్యాకెట్టు అలాగే ఉంది.

"నిన్న రాత్రి వచ్చాడా?" అని భార్యను అడిగాడు.

"లైటు వెలగలేదు. పడుకున్నాడేమో అనుకున్నా."

"నేను చూళ్ళేదు సార్," అన్నాడు వాచ్‌మన్.

"లోపలే ఉన్నాడనుకున్నాం," అన్నారు ఎదురింటివాళ్ళు.

తనూ అదే అనుకున్నాడు.

స్టాండు షెడ్డులోకి దూసుకెళ్ళాడు. "పెద్దాయనా, నిన్న మా తమ్ముడు దిగాడా?"

చాప మీదున్న ముసలాయన అతని వైపు తిరిగాడు.

"నిన్న నేను లేను కదా బాబూ."

అంటూనే లేచాడు. కన్నం దాటి, గుంట అంచు పట్టుకుని నడిచాడు. సగం దారిలో ఒకచోట ఆగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్కడ అంచు విరిగి, కొత్త మట్టి కనిపిస్తోంది.

రెండు నిలువుల కింద, వంగి చూస్తే తప్ప కనిపించని రాతి మెట్టు మీద నీలం సంచి. దాని పక్కన తమ్ముడు.

"తొడ ఎముక విరిగింది. రక్తం పోయింది," అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు. "తెల్లారేదాకా ప్రాణం ఉన్నట్టుంది. రాత్రే ఎవరైనా వెతికుంటే..." మిగతాది మింగేశాడు.

ఎవరూ వెతకలేదు. వాడు రాలేదని ఎవరికీ తెలియలేదు.

పదో రోజు సాయంత్రం సెక్రటరీ మళ్ళీ షెడ్డు దగ్గరికి వచ్చాడు. మూలన చాప చుట్టి ఉంది.

"ఆయనేడి మామ్మా?"

"వెళ్ళిపోయాడు. మీ తమ్ముణ్ణి పైకి తీసిన రోజే."

"ఎక్కడికి?"

"చెప్పలేదు."

"కాళ్ళు పట్టుకుందామని వచ్చాను." సెక్రటరీ చుట్టిన చాప పక్కన కూర్చున్నాడు. "ఇంతకీ ఎవరాయన? మీ బంధువా?"

"మా బంధువు కాదు. క్వారీ గేటు దగ్గర పనిచేసేవాడు. పొద్దున దిగినవాళ్ళంతా పైకొచ్చారని చూసుకుని పచ్చజెండా ఊపేవాడు. అప్పుడు బండ పగలడానికి తూటాలు పేల్చేవాళ్ళు."

"అంత జాగ్రత్త గల మనిషిని నేను అనుమానించాను."

మామ్మ బండి సీటు మీద దుమ్ము తుడుస్తూ, అతని వైపు చూడకుండా, ఎప్పుడో అరిగిపోయిన గొంతుతో అంది: "ఒక్కరోజు తొందరపడి, అందరూ వచ్చేశారనుకుని ఊపేశాడు నాయనా, ఆ రోజు ఇంకా కిందే ఉన్నది మా ఆయన."