షర్బతు సీసా

తెల్లవారేసరికి ముసురు ముదిరి, మబ్బు ఇళ్ల కప్పుల మీదికి దిగింది. వాగు పొంగడంతో హసన్‌పర్తి నుంచి వరంగల్ బస్సు కదల్లేదు. సరిగ్గా ఆ పూటే కాలేజీ ల్యాబు అటెండరు కృపానందాన్ని మంచం మీద మోసుకొచ్చి ఊరి దవాఖానలో పడుకోబెట్టారు.

“ఏం తాగినవ్?” డాక్టర్ సుగుణ అడిగింది.

“షర్బతనుకున్న డాక్టరమ్మా. తియ్యగనే ఉండె. చూస్తే ల్యాబుల గ్లైకాల్, విషం.”

“షర్బతు సీసాల గ్లైకాల్ ఎవలు పోసిండ్రు?”

“నేనే. పెద్ద సీస పలిగితే పోసిన. చీటీ అంటించలే.”

“రంగు లేదు, వాసన లేదు, పైంగ తీపి. చీటీ లేకుంటె నేనైన తాగుదును.” సుగుణ అతని భార్య సువార్తమ్మను పక్కకు పిలిచింది. “ఇట్లనే వదిలేస్తే కిడ్నీలు పోతయి. విరుగుడు బ్రాందీ. అది కడుపుల పడితే ఒళ్లు ముందు బ్రాందీనే అరగదీస్తది. గ్లైకాల్ విషంగ మారకుండనే మూత్రంల పోతది. వాగు తగ్గేదాక దీనితోనే ఆపాలె.”

ఊళ్లో సారా దుకాణానికి తాళం వేయించింది సువార్తమ్మే. ఆడవాళ్లను వెంటేసుకొని ఇల్లిల్లూ వెతికి సీసాలన్నీ పగలగొట్టించింది.

“ఊరంత ఎండబెడితివి గద సువార్తక్కా,” అన్నాడు కాంపౌండర్ యాకయ్య. “ఇప్పుడు ఏడ తెస్తవ్?”

ఆమె వానలోకి పరుగెత్తింది. కాసేపటికే తడిసి ముద్దయి వచ్చి, కొంగు కింది నుంచి బ్రాందీ సీసా తీసింది. యాకయ్య నోరెళ్లబెట్టాడు.

“నేను తాగ. చర్చిల అయ్యగారి ముందట ప్రమాణం...” అంటున్న కృపానందం, సీసా కంటబడగానే మాట మింగాడు.

“సప్పుడు చెయ్యకుండ తాగు. దేవునికి నేను చెప్పుకుంట.”

డాక్టరు కొలిచి ఇస్తుంటే సువార్తమ్మ గంటగంటకూ తాగించింది. సాయంత్రానికి యాకయ్య లోపలి నుంచి కేకేశాడు: “పోసిండు, డాక్టరమ్మా! మంచిగ పోసిండు!”

వరండాలో తడుస్తూ నిలబడ్డ జనం చప్పట్లు కొట్టారు. సుగుణ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. “గెలిచినవ్ పో, సువార్తమ్మా.”

వాగు తగ్గాక జీపులో పెద్దాసుపత్రికి పోయిన కృపానందం, ఆ పై వారం తన కాళ్ల మీదే ఇంటికి నడిచొచ్చాడు.

ఆ మధ్యాహ్నం సువార్తమ్మ కోడికూర వండింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని తిన్నారు. కోళ్ల గూటి వెనక తను దాచుకున్న సీసా సంగతి ఆమెకు ఎన్నాళ్లుగా తెలుసని అతను అడగలేదు. ఆమె ఇంకో ముక్క వేసింది.